అరుపుల పెద్దాయన

"కుళాయి ఎప్పుడు వేస్తావయ్యా?"

బల్ల మీద పడ్డ గుద్దుకి టీ ఒలికి ఇంజనీరు చొక్కా తడిసింది.

నలిగిన చొక్కా, అరిగిన చెప్పులతో వచ్చే ఆ ముసలాయన నీళ్ళ ఆఫీసులో అందరికీ తెలుసు. వెనకాల 'అరుపుల పెద్దాయన' అనుకునేవాళ్ళు.

"గోతాలు కుట్టే వీధికేగా? చూద్దామన్నాను కదా!" ఇంజనీరు కసురుకున్నాడు.

"నువ్వు చూసేలోపు వాళ్ళకి చూపు పోతుంది!"

"మళ్ళీ మొదలెట్టావా?"

"మొహం కడుక్కోడానికి చెంబెడు నీళ్ళు లేవక్కడ. పిల్లల కళ్ళ నిండా పుసులు, వాటి మీద ఈగలు. ఆ జబ్బు ఇంటింటికీ పాకుతోంది. పెద్దయ్యేసరికి రెప్ప లోపలికి ముడుచుకుపోతుంది. రెప్ప కొట్టినప్పుడల్లా వెంట్రుకలు గుడ్డుని గీరుతాయి. గీరి గీరి గుడ్డు మీద తెల్లగా పువ్వేస్తుంది. కంట్లో ఇసక పోసుకుని ఒక్క పూట బతికి చూడు, తెలుస్తుంది!"

"కళ్ళ జబ్బైతే ఆసుపత్రికి పో."

"అక్కణ్ణుంచే వస్తున్నా!"

ఇంజనీరుకి ఒళ్ళు మండింది. "ఇతన్ని బయటికి గెంటు!" అని వాచ్‌మన్‌ని కేకేశాడు.

పెద్దాయన మెట్ల మీద తూలి పడ్డాడు. లేచి మోకాలు దులుపుకుంటూ, "రేపు మళ్ళీ వస్తా!" అని అరిచాడు.

వచ్చాడు. వానలోనూ వచ్చాడు, జ్వరంతోనూ వచ్చాడు. ఆ గోల పడలేక ఇంజనీరు పళ్ళు నూరుకుంటూనే పైపులు వేయించాడు.

నీళ్ళు వదిలిన రోజు తనే ఆ వీధికి వెళ్ళాడు. పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టి దులిపెయ్యాలని అతని కసి.

కుళాయి దగ్గర ఒకామె కూతురి మొహం రుద్ది రుద్ది కడుగుతోంది. ఆమె కుడి కంటి గుడ్డు తెల్లగా ఉంది.

"ఏమ్మా, మీ అరుపుల పెద్దాయన ఏడి? ఇప్పటికైనా నోరు మూస్తాడా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మొన్న పోయారయ్యా. ఆయనది మా వీధి కూడా కాదు."

"మరి ఇంత రభస దేనికి? తనెవరో చెప్పనైనా చెప్పలేదే!"

"చెప్పమని మేమూ బతిమాలాం. 'చెబితే నాకు కుర్చీ వేస్తారు, మీకు కుళాయి వెయ్యరు' అనేవారు."

"ఇంతకీ ఎవరాయన?"

"మా అమ్మకీ, నాకూ రెప్పలు కోసి కుట్టిన డాక్టరు గారయ్యా. నా బిడ్డ రెప్ప తిప్పి చూసి, దీనికీ అదే జబ్బని తెలిసిన రోజున, కత్తి పక్కన పడేసి తిన్నగా మీ ఆఫీసుకి వచ్చారు."