పెద్దాయన లెక్క

"పంతొమ్మిదోసారి కూడా అంతే మేడమ్. మోడల్ చెప్పినదానికి రెట్టింపు," అన్నాడు టెక్నీషియన్, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆమె కుర్చీలో కూలబడింది. ఎదురుగా గదంత పెద్ద ప్లాస్టిక్ సంచి లైట్ల వెలుగులో ఉబ్బి ఉంది. చెట్లు గాల్లోకి వదిలేలాంటి ఆవిరిని, ఓజోన్‌ను అందులోకి పంపి, ఎంత సన్నని ధూళి పుడుతుందో కొలవడం వాళ్ల పని. ఎంత పుట్టాలో ముందే చెప్పేది కంప్యూటర్‌లోని మోడల్. రేపు ఏ ఊరి మీద ఎంత మసక కమ్ముతుందో చెప్పేవాళ్లంతా దాన్నే నమ్ముకున్నారు. ఒకప్పుడు ఆ ల్యాబ్‌ను నడిపిన పెద్దాయన కట్టింది కాబట్టి, అక్కడ దాన్ని 'పెద్దాయన లెక్క' అంటారు.

"సంచికి చిల్లు పడిందేమో చూశావా?"

"మూడుసార్లు చూశాను. ఇంకా తప్పు సంచి మీదకే తోసేస్తే బాగుండదు మేడమ్. రేపు జర్నల్‌కి పేపరు పంపెయ్యాలిగా?"

"పంపుతాను. ముందు ఆయనకు చెప్పాలి. ఎక్కడో అచ్చులో చూసి తెలుసుకోకూడదు."

"మీకు పని నేర్పింది ఆయనే కదా..."

ఆమె గ్రాఫు ప్రింటు తీసుకుని లేచింది.

సాయంత్రానికి పెద్దాయన ఫ్లాటుకు చేరింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. నాలుగంతస్తులూ ఎక్కుతూ, చెప్పాల్సిన ఒక్క మాటనే నాలుగు రకాలుగా అనుకుంది. ఆయన కూతురు తలుపు తీసింది.

"ఏంటక్కా, ఇలా పీక్కుపోయావు?"

"నిద్ర లేదులే. సార్ ఎలా ఉన్నారు?"

కూతురు గొంతు తగ్గించింది. "ఏం చెప్పను! ఒక్కోరోజు అన్నీ గుర్తుంటాయి. ఒక్కోరోజు నన్నే 'ఎవరమ్మా' అంటారు."

ఆయన కిటికీ పక్కన, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె అనుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, గ్రాఫు చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. కొలిచిన గీత పైన, మోడల్ గీత కింద. తలెత్తి ఆమె మొహం వంక కాసేపు చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

ఆమె గుండె కలుక్కుమంది. మరుక్షణం ఊపిరి తేలిగ్గా ఆడింది. అలా ఆడినందుకు సిగ్గేసింది.

"ల్యాబ్ నుంచి వచ్చాను సార్. ఒక మోడల్‌ని పరీక్షిస్తున్నాం. ధూళి సగమే పుడుతుందని చెప్తోంది."

"ఎవడు కట్టాడు దీన్ని?"

"ఒక... పెద్దాయన."

"పెద్దాయనా, పెద్ద మొద్దా? ఎంత సంచిలో కొలిచాడట?"

"బీరువా అంత దాంట్లో."

"మరి మీది?"

"గదంత ఉంటుంది సార్."

"ఇంకేం! చిన్న సంచిలో సగం ఆవిరి గోడలకే అంటుకుపోతుంది. ఇక ధూళి ఎక్కణ్నుంచి వస్తుంది? అంతే పుడుతుందనుకున్నాడు వీడు. బీరువాలో కొలిచి ఆకాశానికి లెక్క కట్టాడు!"

ఆమె అనుమానం కూడా అదే. పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఆయనకు చెప్పాలంటే నోరు రావట్లేదు సార్."

"ఏం, కొడతాడా?"

"కొట్టినా బాగుండు. బాధపడతారు."

"ఒక పూట పడతాడు. తన తప్పు పట్టేంతగా ఎవరో పని నేర్చుకున్నారని మర్నాటికైనా సంతోషించకపోతే, వాడేం పెద్దాయన? పంపెయ్." గ్రాఫు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంటికెళ్లి కాస్త నిద్రపో."

"వస్తాను సార్," అంది ఆమె.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక కూతురు గదిలోకి వచ్చింది.

"అక్కని గుర్తుపట్టలేదా నాన్నా? పాపం, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది."

ఆయన కళ్లజోడు తీసి, దుప్పటి అంచుతో చాలాసేపు తుడిచాడు.

"పట్టకేం! నా తప్పు నాకే చెప్పలేక అల్లాడిపోతుంటే చూడలేక, కాసేపు మర్చిపోయానమ్మా."