గసగసాల పూల వాకిళ్ళు

జోఫ్కా తన పెరట్లోని పది వాటాలకీ వాకిళ్ళ రంగు మార్పించింది. వారం తిరక్కుండా అద్దెకున్నవాళ్ళు తన్నుకోవడం మొదలుపెట్టారు.

రంగుల్లో వంక పెట్టడానికేం లేదు. ఊళ్ళో అందమైన పెరళ్ళ పోటీ ఉందని ఆమె ఫోన్లో ఏఐని అడిగింది. అది రెప్పపాటులో బొమ్మ గీసిచ్చింది. నల్లటి చెక్క మీద ఎర్రెర్రటి గసగసాల పూలు. ఒక వాకిలిది సిందూరపు ఎరుపు, ఒకదానిది చెర్రీ, ఇంకోదానిది ఇటుక. ఏ రెండూ ఒకటి కావు. రోడ్డు మీద పోయేవాళ్ళు కార్లు ఆపి మరీ ఫోటోలు తీసుకుంటున్నారు. జోఫ్కా లిప్‌స్టిక్ వేసుకుని గాని మొక్కలకి నీళ్ళు పోయడం లేదు.

ఆమె మొగుడు లోయ్‌జే ఒక్కడే మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. పోటీవాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే మొదలెట్టాడు.

"ఏమే, ఆ ఏఐకి అన్నీ చెప్పే అడిగావా?"

"చెప్పకేం? వెనక కొండ ఉందన్నాను. మీ నాన్న కట్టిన చెక్క కొంప అన్నాను. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలన్నాను."

"అందులో ఎవరుంటున్నారో చెప్పావా?"

"అది... అదేం అడగలేదయ్యా."

"అదెందుకు అడుగుతుంది? కాపరం చేసేది అది కాదుగా! వాళ్ళ వంశంలో ఒక్కరికైనా ఎరుపు ఆనుతుందా? ముత్తాతల నాటి నుంచీ అంతేనని నీకు తెలీదూ? నీ సిందూరం, నీ చెర్రీ, అన్నీ వాళ్ళ కళ్ళకి ఒకటే మసి. పాపం, ఎండనపడి మోసుకొచ్చిన ఆడవాళ్ళు పక్క వాటాల్లో దూరుతున్నారు. వాకిట్లోనే కుమ్ములాటలు."

"మగవాళ్ళు విడదీయచ్చుగా."

"ఆ ఇళ్ళలో మగవాళ్ళు తినడం తప్ప ఏ పని చేశారని?"

"ఈ ఇంట్లో మాత్రం!"

లోయ్‌జే వినిపించుకోలేదు. ఏడో వాకిలి వైపు వేలు చూపించాడు.

"ఇవాళ ఆ పిల్ల పెళ్ళి. తల్లి పోయిన నెలే పోయింది. ఆ కొంపకి ఇదొక్కతే దిక్కు. మధ్యాహ్నం వెళ్ళి, ఒక్కత్తే తిరిగొస్తుంది. పెళ్ళికొడుకు వెంట వచ్చి దింపే ఆచారం వాళ్ళలో లేదాయె. మొన్న మూడో వాటా పిల్ల ఇలాగే పెళ్ళి చేసుకొచ్చి రెండో వాటాలో అడుగుపెట్టింది. మళ్ళీ కనిపించిందా?"

కనిపించలేదు. మూడో వాటాలో ఆ రోజు నుంచీ ఒకటే ఏడుపు.

"పోటీవాళ్ళూ మధ్యాహ్నమే వస్తున్నారయ్యా," అంది జోఫ్కా నీరసంగా. "వాళ్ళని వెళ్ళిపోనీ. తర్వాత నీ ఇష్టం వచ్చిన రంగు పూసుకో."

"తర్వాతా? ఆ పిల్ల గడప దాటగానే వెనక్కి తిరిగి వాకిలి గుర్తు పెట్టుకుంటుంది. అప్పుడు చూసిందే చూసినట్టు."

జోఫ్కా పూల వంక చూసింది. పోయినేడు గెలిచిన పక్కింటి మెహ్తిల్డా ఇప్పటికీ ఆ వెండి కప్పులోనే చారు తాగుతోంది. అదీ గుమ్మంలో కూర్చుని, ఈవైపుకే తిరిగి.

ఏడో వాకిట్లో ఇద్దరు కాపలా నిలబడి ఉన్నారు. లోపలి నుంచి సందడి వినిపిస్తోంది.

"థూ, నా బతుకు!" అంటూ జోఫ్కా నడుముకున్న నీలం ఏప్రన్ విప్పింది. "ఏడోదానికి ఇది కట్టు. ఆరోదానికి ఆ పసుపు టేబుల్ గుడ్డ కత్తిరించు. ఎనిమిదోదానికి తెల్లనిది కావాలి... ఆ, ఆరేసిన తాడు మీదుంది, పట్రా."

"అది నా డ్రాయరే!"

"తెలుసు. ఉతికిందే."

"సుత్తి తేనా?"

"వద్దు. చప్పుడైతే లోపలున్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నీకు కొత్తా? చిన్న పిన్నులు గుచ్చు."

పిన్నులు గుచ్చడం అయిందో లేదో పోటీవాళ్ళు దిగారు. వాళ్ళ పెద్ద వెన్చెస్లావ్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ ఎనిమిదో వాకిలి మీద..."

"మా ఆయనదండీ."

"ఇది కూడా ఏఐ చెప్పిందేనా?"

"దానికంత తెలివెక్కడిదండీ?"

గోడ అవతల మెహ్తిల్డా చారు పొలమారి దగ్గింది. వెన్చెస్లావ్‌గారు జోఫ్కా చేసిన వాల్‌నట్ పొటీత్సా రొట్టె రెండు ముక్కలు తిని, సున్నా మార్కులు వేసి, మూడో ముక్క పొట్లం కట్టించుకుని వెళ్ళాడు.

అప్పుడు బయటికొచ్చింది ఏడో వాటా పిల్ల. వెనక్కి తిరిగింది. నీలం ఏప్రన్‌ని చాలాసేపు చూసింది. తోట దాటి వెళ్ళిపోయింది.

జోఫ్కా పీట వేసుకుని కూర్చుంది. లోయ్‌జే కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"దారికి అడ్డం నిలబడకయ్యా, హడలిపోతుంది."

కాసేపటికి పిల్ల వచ్చింది. అలసిపోయి ఉంది. సరాసరి డ్రాయరు వైపు వెళ్ళింది.

"ఓరి దేవుడా," అన్నాడు లోయ్‌జే. "అది కాదు తల్లీ, అది నాది!"

పిల్ల ఆగింది. ఎనిమిదో వాటా కాపలావాళ్ళు ముందుకొచ్చారు. జోఫ్కా పీట మీంచి లేచింది.

పిల్ల మెల్లగా పక్కకి జరిగి, నీలం ఏప్రన్ కింద వాలి, రెక్కలు ముడుచుకుని, ఆరు కాళ్ళతో గబగబా చెక్కపెట్టెలోకి పాకిపోగానే, లోపలున్న వేల తేనెటీగలు తమ కొత్త రాణి కోసం ఒక్కసారిగా ఝుమ్మన్నాయి.