తాటాకుల సముద్రం

"యాడికొచ్చినాము నాయినా?" అంది అమ్మాయమ్మ.

"కురుచికుప్పం దాటేసినామమ్మా," అన్నాడు లోకనాథన్.

నిజానికి తల్లీకొడుకులు సముద్రం ఒడ్డు కురుచికుప్పం కాదు కదా, తాముండే కోసపాళయం కూడా దాటలేదు. ఇంటి వెనక సందుల్లోనే తల్లిని రెండో చుట్టు తిప్పుతున్నాడు. ఆమె కళ్ళకు పచ్చగుడ్డ కట్టి ఉంది. వానాకాలంలో కళ్ళు పుండై చూపు పోయింది. ఆస్పత్రిలో ఫ్రెంచి డాక్టరు చుక్కల మందు వేస్తూ, చూపు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది పక్కింటి కనగం. నోటరీ ఆఫీసులో రాతపని చేసే లోకనాథానికి తీరికెక్కడిది?

ఊరికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున, వానలు కోసిన ఎర్రమట్టి లోయలున్నాయి. అమ్మాయమ్మ మొగుడు అక్కణ్ణించే బండి మీద ఎర్రగులక తోలేవాడు. రెండు ఎర్రగోడల నడుమ సముద్రం నీలంగా కనబడుతుందనీ, ఒకనాడు చూపిస్తాననీ చెప్పి చెప్పి, చూపించకుండానే పోయాడు. ఆ పని కొడుకు నెత్తిన పడింది. వచ్చే వారం, పై వారం అంటూ అతనూ ఏళ్ళు నెట్టుకొచ్చాడు. మొన్న శుక్రవారం ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు ఆమె మళ్ళీ పట్టు పట్టింది.

"కళ్ళు కనబడకుండా లోయలెందుకమ్మా?" అన్నాడు.

"నువ్వు చూసి చెప్పు, నేను వింటా. ఆడికి పోయినాక నీకొకటి చెప్పాల."

పొద్దున బయల్దేరేటప్పుడు లోకనాథన్ నీలిగీతల చొక్కా తొడుక్కున్నాడు. ఊడిపోయిన గుండీ మళ్ళీ చేరి ఉంది, గీతల్లో కలిసిపోయే నీలం దారంతో. కనగక్క చలవ అనుకున్నాడు. తల్లి ఆ గుండీని వేలితో తడిమి నవ్వుకుంది.

నడవడానికి అతనికి కాళ్ళు లేక కాదు. లోయలకు దారి సముద్రం ఒడ్డునే. ఆదివారం పొద్దున ఆఫీసువాళ్ళంతా బూట్లేసుకుని అక్కడే షికారు చేస్తారు. పెద్ద గుమాస్తా త్యాగరాజన్ పెళ్ళాన్ని, మనిషి వెనకనుంచి తోసే పుష్‌పుష్ బండిలో కూర్చోబెట్టి తీసుకొస్తాడు. వాళ్ళందరి ముందూ ముతక చీరతో, కళ్ళకు గంతలతో ఉన్న తల్లిని చెయ్యి పట్టుకు నడిపించడమంటే లోకనాథానికి తల కొట్టేసినట్టుంది. ఆ సంగతి తనకు తాను కూడా సరిగ్గా ఒప్పుకోలేదు. 'అంత దూరం పాపం ఆమె నడవలేదు' అని సర్దిచెప్పుకున్నాడు.

కోసపాళయానికి పడమట మూతపడిన ఇటుకబట్టీ ఒకటుంది. మట్టి తవ్విన ఎర్రటి గుంటలు, గట్టు మీద తాటిచెట్లు. గాలి వీస్తే తాటాకులు ఒకటే హోరు. చూపు లేని మనిషికి ఆ మాత్రం సముద్రం చాలుననుకున్నాడు మహానుభావుడు.

మెల్లగా గుంటలోకి దించాడు. "వచ్చేసినామమ్మా. ఇదే లోయ."

ఆమె వంగి నేల తడిమింది. పిడికెడు మట్టి తీసి కొంగున ముడేసుకుంది. ముఖం వెలిగిపోతోంది. "హోరు వినబడతా ఉండాది. ఎట్టుండాదో చెప్పు నాయినా."

"రెండు పక్కలా ఎర్రగోడలు. నడుమ సముద్రం, నీలంగా." అతను తాటిచెట్ల వైపు చూశాడు. "ఆ చివరన ఒక పొగఓడ పోతా ఉండాది."

"ఉండు, ఈ గుడ్డ తీస్తా. మీ నాయిన చెప్పిన గాలి నా కళ్ళకు తగలాల."

గుడ్డ విప్పి తలెత్తింది. అలాగే నిలబడిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎండకు మందు మండుతున్నట్టుంది అనుకుని లోకనాథన్ తన తుండుగుడ్డ అందించాడు.

"ఏందో చెప్తానంటివే?"

"ఏంలే నాయినా. మర్చిపోయినా." ఆమె గుడ్డ మళ్ళీ కట్టుకుంది. "పోదాం పా. నీకు కాళ్ళు నొప్పులు పుడతాయి."

రాకకు, పోకకు దూరం సరిపోవాలని వచ్చేటప్పుడూ సందులన్నీ తిప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని నడిచింది. కొంగుముడి ఎక్కడ వదులైందో, ఇల్లు చేరేసరికి అందులో మట్టి లేదు.

సాయంత్రం అరుగు మీద ఇరుగుపొరుగు చేరారు. "మా లోకనాథం చెయ్యి పట్టుకొని అంత దూరం తీసకపోయినాడు," అని చెబుతోంది అమ్మాయమ్మ. "ఆ ఎర్రగోడలు, ఆ నీలం, పొగఓడ. అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పినాడు."

"అట్టాంటి బిడ్డ ఎవరికుంటాడు," అంది ఎదురింటి పూంగావనం.

లోపల లోకనాథన్ అన్నం ముందు కూర్చుని ఆ మాటలు విన్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది, ఈ పొగడ్త భరించలేకపోయాడు. వచ్చే ఆదివారం నిజంగానే తీసుకెళ్ళాలి, త్యాగరాజన్ కాదు, ఆఫీసంతా వచ్చి చూసినా సరే. ఎలాగూ ఆమెకు తెలియదు కదా అన్న ఆలోచనొక్కటే కాస్త ఊపిరాడనిచ్చింది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. గోడ అవతల కనగం గిన్నెలు తోముతోంది. ఆమెతో అంతా చెప్పేద్దామనుకున్నాడు.

"గుండీ బాగా కుట్టినావు కనగక్కా," అన్నాడు చివరికి.

"నేనా? నేను కుట్టలేదబ్బా." కనగం నవ్వింది. "లోయకాడ చెప్తా, అందాకా వాడికి చెప్పబాక అనింది. ఇంక దాచేదేముంది, నీకు చెప్పేసే ఉంటాదిగా."

"ఏంది చెప్పేది?"

"నిన్న మా వసారాలో కూర్చోని, నీలం దారం ఏరుకొని, సూదికి తానే ఎక్కించి కుట్టింది మీ అమ్మే."