నేర్పని జట్టు

“ఇదేం మాటో చెప్పండి పెద్దాయనా,” అంటూ పరిశోధనకు వచ్చిన అమ్మాయి కాగితం ముందుకు జరిపి, స్టాప్‌వాచ్ నొక్కింది.

ఇస్త్రీ బండి పెద్దాయనకి ముచ్చెమటలు పోశాయి. కాగితం వంక చూస్తే ఒక బాధ, చూడకపోతే ఇంకో బాధ. పెదవులు కదలబోయి ఆగిపోయాయి. లేచి పారిపోదామా అంటే, ఏడాదికి మాటిచ్చిన మనిషాయె.

“తెలీదమ్మా.”

“పోనీ, ఇది?”

“ఏమోనమ్మా.”

ఏడాది కిందట ఆ పేటలో చదువురాని నలభై మందిని పోగేసి చీటీలు తీశారు. సగం మందికి సాయంత్రం బడి. మిగతా సగానికి ఏడాదిపాటు ఏమీ నేర్పరు, ఊరికే పరీక్షలు పెడతారు. పెద్దాయన భార్యకి బడి చీటీ వచ్చింది. ఈయన అదృష్టం ఏడిసినట్టే ఉంది, రెండోది వచ్చింది. ఆలుమగల్ని విడదీయకూడదన్న ఇంగితం అంత చదివినవాళ్లకి తట్టలేదు. రోజూ ఆవిడ అక్షరాల కింద వేలు పెట్టి పాఠం పైకి చదువుతుంటే, ఈయన పక్కనే బట్టలు మడతపెడుతూ కూర్చునేవాడు. పుస్తకం ముట్టుకోనని ఒట్టు పెట్టించుకున్నారు మరి.

తన పేరు తన చేత్తో రాసుకోవాలని ఆయనకి ఎన్నాళ్లనుంచో ఆశ. వచ్చే ఏడు మీ వంతే అన్నారు. ఆ మాట పట్టుకునే వేలాడుతున్నాడు.

“సిగ్గుపడకండి,” అంది అమ్మాయి జాలిగా. “నేర్పినవాళ్లకి వచ్చి, నేర్పనివాళ్లకి రాకపోతేనే కదా, బడి వల్ల లాభం ఉందని పైవాళ్లు నమ్మేది! తేడా లేదంటే మూసేయమంటారు. మీ ఆవిడ చదువు కూడా సగంలో ఆగిపోతుంది.”

“తెలుసమ్మా,” అన్నాడు. రాకపోతే మెచ్చుకునే పరీక్ష లోకంలో ఇదొక్కటే కాబోలు.

మొత్తం ఇరవై మాటలు. ఇరవైకి ఇరవై తెలీదన్నాడు.

“అయిపోయింది లెండి,” అని అమ్మాయి సున్నా చుట్టింది. కింద గబగబా ఏదో రాసి, కాగితం ఆయన వైపు తిప్పి, స్టాంపు ప్యాడ్ మూత తీసింది.

‘ఈయనకు నేర్చుకోవాలన్న ఆసక్తి బొత్తిగా లేదు, వచ్చే ఏటి బడి జాబితాలోంచి పేరు కొట్టేయవచ్చు’ అని ఆమె రాసినదాన్ని పెద్దాయన రెండుసార్లు చదువుకుని, దాని కిందే వేలిముద్ర వేశాడు.