మూడో కాలు

మా పూజగది కోసం చేస్తున్న మూడుకాళ్ల దీపం బల్లను తిరగేసి రెండు కాళ్లు బిగించిన వడ్రంగి, మూడోదాన్ని బెజ్జంలో దిగ్గొట్టబోయాడు. పక్కింటి చినబాబు వచ్చి ఆ కాలు లాక్కున్నాడు.

"గట్టుమీద పనస సెట్టు ఇద్దరిదీ కదేటి బావా? తుపానుకి పడితే నువ్వొక్కడివే కోయించీసినావా?"

"దేవుడి కోసమే కదా చినబాబూ, అంత కోపమెందుకు?" అన్నాను.

"నా కర్రతో నువ్వు పున్నెం కట్టుకుంటావేటి? ముందడిగితే సెట్టంతా ఇద్దును!"

"ఇప్పుడు అడుగుతున్నాను, ఇవ్వు."

"కోసీసినాక అడుగుతావేటి? ఇవ్వను."

కాలు పట్టుకుని వెళ్లిపోయాడు.

"మిగిలిన కర్రలో ఇంకోటి సెక్కీమంటారా బాబూ?" అన్నాడు వడ్రంగి.

అందులో నాదెంతో, అతనిదెంతో నాకు తెలియలేదు. వద్దన్నాను. ఆ పూట దీపం నేలమీదే పెట్టాను.