బిగించిన మూత

గాజు గొట్టం లోపలంతా పాలు పోసినట్టు తెల్లబడింది. అందులో దాచిన ఇరిడియం ఫ్లోరైడు అనే రసాయనం పసుపుపచ్చ స్ఫటికాల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ ప్రయోగశాలకు అధిపతి అక్క. ఆమె చేతి కింద పనిచేసేది సొంత తమ్ముడే.

"తడి గొట్టం నా చేతిలో పెట్టావు కదరా! ఏడాది కష్టం మట్టిపాలు చేశావు."

"మంట మీద కాల్చి, స్ఫటికాలు వేసి, లోపలి గాలంతా లాగేసి, మూత బిగించాకే నీకిచ్చానక్కా."

"నోర్ముయ్. గాలిలోని తేమ పిసరంత చేరినా చాలు, ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం గాజును తింటే మళ్ళీ నీరు పుడుతుంది. ఇక అంతా పోయేదాకా ఆగదు. ఇదీ తెలియదా నీకు? సామాను సర్దుకో."

తమ్ముడు చేతి తొడుగులు విప్పి బల్ల మీద విసిరికొట్టాడు. "చిన్నప్పట్నుంచీ ఇంతే. ఒక్కసారైనా నన్ను నమ్మావా?"

"ఎలా నమ్మమంటావురా? అందుకేగా నిన్న నువ్వు భోజనానికి వెళ్ళగానే, ఆ వానలో కూడా వచ్చి, మూత తీసి చూశాను! లోపల పొడిగానే..."

అక్క చూపు తెల్లబడిన గొట్టం మీదికి మళ్ళింది.

తమ్ముడు తొడుగుల పక్కనే తన తాళంచెవి కూడా పెట్టి వెళ్ళిపోయాడు.