సూది ఎంతలో ఉంది?

"ఎంత?" అని అరిచాడు మేస్త్రి.

"నూట తొంభై అండీ," అంది పక్క సీట్లోంచి భార్య.

మేస్త్రి పళ్ళు కొరికి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలించాడు. కొండ ఇంకా సగం కూడా ఎక్కలేదు. కొండకి అవతల రేవు. రేవులో మధ్యాహ్నం లాంచీ. ఆ లాంచీ కోసం వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పెట్టె పట్టుకుని కూర్చుని ఉంది.

ఆ కబురు పొద్దున్నే అల్లుడు ఫోన్లో చెప్పాడు.

"మీ అమ్మాయి ఇల్లు వదిలిపోయింది మావయ్యా. రేవు దగ్గర చూశామని మావాళ్ళు చెప్పారు. నాకు డ్యూటీ ఉంది. మీరు పిలిస్తే కాదనదు. తెచ్చి మా ఇంట్లో దింపండి చాలు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

గొంతు మర్యాదగానే ఉంది. ఆ మర్యాదస్తుడే కిందటి నెలలో పిల్ల మణికట్టు విరిచాడు. మెట్ల మీద జారిపడిందని అతను చెబితే మేస్త్రి నమ్మాడు. నమ్మితే ఏ గొడవా ఉండదు కాబట్టి నమ్మాడు.

"దాన్ని వాళ్ళ గుమ్మంలో దింపితే గానీ నా పరువు నిలబడదు, పద," అని బండి తీశాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా చెప్పుకుంటారు ఆమెని. పైగా ఆమె లేకపోతే ఆ బండి కదలదు.

మేస్త్రి తన చేతులతో కట్టుకున్న మూడు చక్రాల కారు అది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఇంజిన్ బండి మూతి ముందు, ఆరుబయట ఉంటుంది. నీళ్ళు లేవు, రేడియేటర్ లేదు. చల్లబడాలంటే ఎదురుగాలే దిక్కు. ఒకసారి ఇదే కొండ మీద ఇంజిన్ హెడ్డు కాగిపోయి, పిస్టన్ బిగుసుకుపోయి, బండి జారుతూ వెళ్ళి లోయ అంచున ఆగింది. ఆ రోజు ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ తర్వాతే మేస్త్రి స్పార్క్ ప్లగ్ కింద తీగ బిగించి వేడి చూపించే గేజి పెట్టాడు. ఆ తీగకి ఇంకో ముక్క అతికితే అంకె తప్పొస్తుంది. ఉన్న తీగ పక్క సీట్లో ఆమె మోకాళ్ళ దాకానే వచ్చింది, గేజి అక్కడే బిగించాడు. ఆయనకేమో దగ్గర అంకెలు ఆనవు, కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. అందుకని ఆయన అడగాలి, ఆమె చెప్పాలి. బండిలో వేరే కబుర్లు ఆయనకి గిట్టవు. అంకె రెండు వందలు దాటిందా, కొంపలంటుకుపోతున్నా సరే, బండి ఆపాల్సిందే. "మా మేస్త్రి పెళ్ళాం మాట వినేది బండెక్కినప్పుడే," అని వర్క్‌షాపులో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

"ఎంత?"

"నూట తొంభై ఎనిమిది. వెనక నుంచి గాలి వీస్తోంది కదండీ."

"వెనకగాలే మన కొంప ముంచుతోంది. ఇంజిన్‌కి గాలి తగిలి చావట్లేదు."

"ఆ మలుపు దాకా పోనివ్వండి. ఈలోగా అమ్మాయి వెళ్ళిపోతుందేమో."

"నోర్ముయ్. మళ్ళీ లోయ చూడాలని ఉందా? ఇప్పుడెంత?"

"రెండు వందల నాలుగు."

మేస్త్రి బండి పక్కకి తీసి ఆపేశాడు. దిగి ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "పెనంలా ఉంది. కమురు వాసన కూడా వస్తోంది, చూశావా?"

"వస్తోందండీ."

కొండ అవతలి నుంచి లాంచీ మొదటి కూత వినిపించింది. మేస్త్రి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. "తగ్గిందా?"

"ఆపాక ఇంకా పెరిగిందండీ. రెండు వందల పన్నెండు."

"ఆపిన కొత్తలో పెరుగుతుందిలే. గాలి ఆడదుగా," అని తనకి తనే తలూపుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. అల్లుడు. ఈసారి గొంతులో మర్యాద లేదు.

"ఇంకా ఎక్కడ మావయ్యా? త్వరగా తెండి. గది సిద్ధం చేసి పెట్టాను. కిటికీకి కూడా మేకులు కొట్టించాను."

ఆ మాట ఆమెకీ వినపడింది. మేస్త్రి మొహం ఒక్కక్షణం పాలిపోయింది. అయినా ఫోన్ జేబులో పడేసి, "మొగుడన్నాక కోపం ఉండదా ఏంటి," అన్నాడు ఎవరూ అడగకుండానే. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఎంత?"

ఆమె గేజి మీదికి వంగింది. "రెండు వందల పదిహేను. దిగట్లేదండీ."

ఎండలో నిలబడి ఎదురుచూశారు. ఆమె "తగ్గిందండీ" అన్నాక బండి కదిలింది. రెండు మలుపులు తిరిగేసరికి మళ్ళీ పెరిగిందంది. మళ్ళీ ఆగారు. మేస్త్రి ఇంజిన్‌ని తిట్టాడు, గాలిని తిట్టాడు, చివరికి కూతుర్నీ తిట్టాడు. తన తండ్రి ఎవరినీ వదలడని ఆ పిల్లకి తెలుసు. అందుకే ఆ రేవులో బిక్కుబిక్కుమంటూ కొండ దారి వైపే చూస్తూ ఉంటుంది.

కొండ కొసకి చేరేసరికి కింద నీళ్ళు కనిపించాయి. రేవు ఖాళీగా ఉంది. లాంచీ అప్పటికే నడినీళ్ళలో ఉంది, అటు నుంచి పొడుగ్గా కూత వేసింది.

మేస్త్రి ఇంజిన్ ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. "ఇంజినే నన్ను మోసం చేసిందే," అన్నాడు. తల ఎత్తకుండానే, అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎంత?"

లాంచీ కనుమరుగయ్యే దాకా ఆమె చూపు తిప్పుకోలేదు. ఆ తర్వాత గేజి వైపు చూసింది.

"నూట యాభై," అంది.

పొద్దున బండి కదిలింది మొదలు, సూది చూపిస్తున్న అంకెని ఆమె ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదటిసారి.